అక్క చేతిరాత

నాచారం పారిశ్రామికవాడ వెనక గుట్టకింది బస్తీలో నూట డెబ్బై గడపలుంటాయి. ఏ తలుపు ఎన్నోసారి తడితే తెరుచుకుంటుందో ప్రవీణకు తెలుసు. తొమ్మిదేళ్లుగా ఆ బస్తీకి ఆమే ఆశా వర్కర్. ఎవరికి నెల తప్పింది, ఎవరి బిడ్డకు టీకా వేయించాలి, ఏ ముసలాయన బీపీ మాత్రలు మానేసి వేసుకుంటున్నానని కోడలికి అబద్ధం చెబుతున్నాడు, అన్నీ ఆమె నాలుకమీద ఉంటాయి.

మొదట్లో ఇలా ఉండేది కాదు. బస్తీలో చాలామంది ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు. ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు, బెంగాల్‌లోని మాల్దా జిల్లా వాళ్లు. ప్లాస్టిక్ కంపెనీల్లో, మందుల కంపెనీల్లో, మేడిపల్లి వైపు లేస్తున్న అపార్టుమెంట్లలో పనిచేస్తారు. చేతిలో పుస్తకంతో ఎవరొచ్చినా వాళ్లకు పోలీసు వచ్చినట్టే. మాల్దానుంచి వచ్చిన తుహీనా అనే అమ్మాయి మొదటిసారి ప్రవీణను చూడగానే లోపల గడియ పెట్టుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించి ప్రవీణ అక్కడినుంచి కదల్లేదు. గడప ముందు కూర్చుని, "మై భీ మా హూ, ఖోలో" అని, తానూ తల్లినేనని, తలుపు తీయమని వచ్చీరాని హిందీలో బతిమాలింది. తలుపు తీసేసరికి బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. వాడిని భుజాన వేసుకుని దవాఖానాకు పరుగెత్తింది. మూడు రోజులు తుహీనా పక్కన నేలమీదే పడుకుంది. వాడికిప్పుడు మూడేళ్లు. ప్రవీణ కనబడితే చాలు, కొంగు పట్టుకుని వదలడు. తుహీనాకు మళ్లీ ఏడో నెల. ఈసారి రక్తం బాగా తక్కువగా ఉంది.

తుహీనా ఉండే ఇంటికి నాలుగు గడపల అవతల మదార్ బీ ఉంటుంది. ఆమె బెంగాల్‌నుంచి వచ్చింది కాదు, జనగామ పక్క పల్లెనుంచి నలభై ఏళ్ల కిందట మొగుడితో వచ్చింది. పాత చీరలతో బొంతలు కుట్టి కొడుకును పెంచింది. ఇప్పుడు కొడుకు, కోడలు, మనవరాలు. ప్రవీణ రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచేది ఆమె అరుగుమీదే.

ప్రవీణ పుట్టిల్లు ఉప్పల్ పాత ఊరు. నాయన బతికున్న రోజుల్లో నాచారం గుట్ట పక్కన ఎకరన్నరలో ఆకుకూరలు పండించేవాడు. భూమి కొంచెం కొంచెంగా పోయి, మిగిలిన జాగాలో పన్నెండు రేకుల గదులు కట్టి కిరాయికిచ్చాడు. ఆ గదులు కూడా గుట్టకింది బస్తీలోనే ఉన్నాయి. ఆయన పోయాక తల్లి ఉప్పలమ్మకు అవే ఆధారం. తమ్ముడు రంజిత్ ప్రవీణకంటే పదేళ్లు చిన్నవాడు. తల్లి పొద్దున్నే కూరగంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతే, వాడికి పాలు పట్టడం దగ్గరనుంచి బడిలో దింపడం దాకా ప్రవీణే చూసుకుంది. పదో తరగతి పాసైనా పైచదువుకు వెళ్లనిది వాడికోసమే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆమె కూడా ఎత్తదు. వాడు డిగ్రీ చదివాడు, ప్లాట్ల వ్యాపారం చేశాడు, పార్టీ జెండా పట్టుకున్నాడు. ఈసారి కార్పొరేటర్ టికెట్ తెచ్చుకున్నాడు.

టికెట్ వచ్చిన రోజు ఉప్పలమ్మ వీధంతా పేడాలు పంచింది. ప్రవీణ నీలంరంగు యూనిఫాం చీరలోనే వచ్చి తమ్ముడి నుదుట బొట్టు పెట్టింది. వాడు వంగి ఆమె కాళ్లకు దండం పెడితే అక్కడున్నవాళ్లంతా ఫొటోలు తీశారు.

నాలుగు రోజుల తర్వాత వాడు ఒక్కడే అక్క ఇంటికి వచ్చాడు. చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి అడిగాడు.

"అక్కా, గుట్టకింది బస్తీల హెల్త్ క్యాంపు వెడదామనుకుంటున్న. పెద్ద డాక్టర్లను పిలుస్త. రక్త పరీక్ష, స్కానింగు, అన్ని ఫ్రీ. బయటికెల్లి వచ్చినోళ్లు ఎన్ని ఇండ్లల్ల ఉన్నరు, యాడోళ్లు, ఎవలకు ఏం కావాలె, జర రాసియ్యవా? ముస్లింల ఇండ్లు గూడ రాయి."

"ముస్లింలను ఏరువెట్టి రాసుడెందుకురా? మదార్ బీ బయటామెనా?"

"వాళ్ల ఆడోళ్లు ఆడ డాక్టరునే అడుగుతరు గదక్కా. ఎంతమందిని పిలువాల్నో నాకు ఎర్కుండాలె గదా."

ఆ మాట ప్రవీణకు సబబుగానే తోచింది. తుహీనాకు స్కానింగ్ చేయించాలని నెల రోజులుగా తిరుగుతోంది. మొగుడికి సెలవు దొరకదు, ఆమె ఒక్కతీ వెళ్లడానికి భయపడుతుంది. డాక్టర్లే బస్తీలోకి వస్తే అంతకంటే ఏం కావాలి?

తమ్ముడు వెళ్లాక ప్రవీణ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, భర్త హనుమాండ్లు ఒక మాటన్నాడు. ఆయన కంపెనీల సరుకు మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"సర్కారు బుక్కుల ఉన్నది బయటోళ్లకు ఇయ్యొద్దని మీ సారోళ్లు చెప్పిన్రంటివి గదా?"

"రంజిత్ బయటోడా?" అంది ప్రవీణ.

మూడు సాయంత్రాలు కూర్చుని తెల్ల కాగితాలమీద గీతలు కొట్టి రాసింది. ఇంటి నంబరు, ఇంటాయన పేరు, ఇంటావిడ పేరు, ఎక్కడివాళ్లు, పిల్లలెందరు. చివరి గడిలో ఎవరికి ఏం అవసరమో రాసింది. ఒకరికి రక్తం తక్కువ, ఒకరి బిడ్డకు టీకా, ఒకరికి కంటి ఆపరేషన్. మొత్తం యాభై ఇళ్లయ్యాయి. అందులో తల్లి కిరాయికిచ్చిన పన్నెండు గదులూ ఉన్నాయి. ప్రవీణ చేతిరాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుందని దవాఖానాలో అందరూ అంటారు. తమ్ముడి పని కదా అని ఇంకాస్త శ్రద్ధగా రాసింది. తెల్లారి బస్తీలో ఇంటింటికీ వెళ్లి, డాక్టర్లు వస్తున్నారని తనే చెప్పింది. తుహీనా చేతులు పట్టుకుని నవ్వింది.

ప్రచారం చివరి వారంలో ఉప్పల్ బస్టాండుకు దగ్గర్లో ఉన్న మైదానంలో సభ పెట్టారు. సభలోనే క్యాంపు తేదీ చెబుతానని రంజిత్ అక్కతో అన్నాడు. "మంది తక్కువ గావొద్దక్కా, నీ ఆడోళ్లను తోలుకరా" అన్నాడు. ప్రవీణ రెండు షేర్ ఆటోలు మాట్లాడింది. మదార్ బీ మోకాళ్ల నొప్పులు, రానంది. ప్రవీణే బలవంతంగా బయల్దేరదీసింది.

"మా తమ్ముడు మాట్లాడుతుంటే సూడవా పెద్దమ్మా? మోకాళ్ల డాక్టరు గూడ వస్తడట."

"వాడు మాట్లాడుడు సూడాలె మల్ల" అని మదార్ బీ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

సాయంత్రం ఐదింటికి ఇంకా ఎండ ఉంది. మెట్రో స్తంభాల దాకా జనం. ఆడవాళ్లకు ముందు వరసల్లో కుర్చీలు వేశారు. ప్రవీణ, పక్కన మదార్ బీ, ఇంకో ఏడెనిమిది మంది బస్తీ ఆడవాళ్లు. వేదికమీద పెద్ద తెర. రంజిత్ మైకు అందుకోగానే ఈలలు మోగాయి. ప్రవీణ మెడ చాచి చూసింది. చంకనెత్తుకుని తిప్పిన పిల్లాడు ఇంతమంది ముందు నిలబడ్డాడు.

మొదట రోడ్లు, మురుగు మోరీల గురించి చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మలారా, అక్కలారా! ఒక్క మాట అడుగుత. మన నాచారంల మన పొల్లగాండ్లకు కంపెనీల నౌకరి ఎందుకు దొరుకుతలేదు? మన దవాఖానాల మనకు మంచం ఎందుకు దొరుకుతలేదు? ఎవడు గుంజుకపోతున్నడు? నేను వట్టిగ మాట్లాడుతలేను. సర్కారు బుక్కే మాట్లాడుతది. సూడున్రి!"

తెరమీద ఒక కాగితం వెలిగింది.

ప్రవీణకు ముందు అర్థం కాలేదు. ఎక్కడో చూసిన రాతలా ఉందే అనుకుంది. తర్వాత ఒక్కో అక్షరం గుర్తుపట్టింది. ఆ గుండ్రటి అక్షరాలు తనవే. ఇంటి నంబర్లు, పేర్లు. పేర్ల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టారు. ఎవరికి ఏం అవసరమో రాసిన చివరి గడి మాత్రం లేదు. దాన్ని కత్తిరించేశారు.

"ఒక్క బస్తీల ముప్పై ఎనిమిది ఇండ్లు!" రంజిత్ గొంతు పెరిగింది. "ఎవలు వీళ్లు? యాడికెల్లి వచ్చిన్రు? సరిహద్దు దాటి దొంగతనంగ వచ్చినోళ్లెందరు? మన పేరు, మన భాష, మన దేవుడు లేనోళ్లు మన గడపల్ల దూరిన్రు. ఇయ్యాల ముప్పై ఎనిమిది, రేపు మూడు వందల ఎనభై! మన ఆడివిల్లలు పొద్దుగూకినంక బయటికి పోవాల్నా వద్దా? నన్ను గెలిపియ్యున్రి. నెల రోజులల్ల ఒక్కొక్క ఇల్లు ఖాళీ చేయిస్త. ఇది మీ బిడ్డ మాట!"

మైదానం హోరెత్తింది. వెనకనుంచి ఎవరో "తరమాలె, తరమాలె" అని మొదలుపెడితే అందరూ అందుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఉప్పల్ ఆడవాళ్లు, ప్రవీణ చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్లు, చప్పట్లు కొడుతున్నారు.

మదార్ బీకి చదవడం రాదు. తెరవైపు చూస్తూ, "ఏం రాసున్నది బిడ్డా ఆడ?" అని అడిగింది.

కాగితంలో మూడో వరుసలో మదార్ బీ కొడుకు పేరు, దాని పక్కన మదార్ బీ పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనకనుంచి ఒక కుర్రది గట్టిగా చదవసాగింది. ఒక్కో పేరు చదివినప్పుడల్లా జనం అరుస్తున్నారు. మదార్ బీ తన పేరు విన్నది. తలతిప్పి ప్రవీణ మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వంగి కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంది.

"పోదాం బిడ్డా. మల్ల ఆటోలు దొరకయ్" అంది.

బస్తీ ముందు ఆటో దిగాక, ప్రవీణ వద్దన్నా వినకుండా మదార్ బీ తన ఆటో డబ్బులు తానే ఇచ్చింది.

ఆ వీడియో మరునాటికి అందరి ఫోన్లలోకీ చేరింది. ప్రవీణ ఎప్పటిలాగే మాత్రల సంచీ భుజాన వేసుకుని బస్తీలోకి వెళ్లింది. మొదటి తలుపు తట్టింది. లోపల కుక్కర్ విజిల్ వినిపిస్తోంది, ఎవరూ పలకలేదు. రెండో తలుపు, మూడో తలుపు. తొమ్మిదేళ్లలో తెరిపించుకున్న తలుపులన్నీ ఒక్క రాత్రిలో మూసుకుపోయాయి.

తుహీనా వాళ్లు బుచ్చిబాబు గారి ఇంటి వెనక పోర్షన్లో ఉంటారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన గుంటూరు మనిషి, ముప్పై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డాడు. ప్రవీణ వెళ్లేసరికి గేటు ముందు ఎవరిదో ట్రాలీ ఆటో ఆగి ఉంది. తుహీనా మొగుడు గిన్నెల మూట ఎక్కిస్తున్నాడు. బుచ్చిబాబు గారు గేటు పట్టుకుని నిలబడ్డారు.

"సారూ, ఏడో నెల పిల్ల. రక్తం లేదు. యాడికి పోతది?" అంది ప్రవీణ.

"నన్నేం చేయమంటావమ్మా? పొద్దున్న ఆరుగురు కుర్రాళ్లు వచ్చి నిలబడ్డారు. అద్దెకిచ్చినవాళ్ల పేర్లు కూడా తెరమీద వేస్తామన్నారు. అప్పట్లో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మమ్మల్ని కూడా పొమ్మన్నవాళ్లే కదా అందరూ. ఆ భయం నాకు తెలుసు." ఆయన కళ్లు తుడుచుకున్నారు. కానీ సామాను పోవడానికి గేటు తీసే ఉంచారు.

తుహీనా పిల్లాడిని ఎత్తుకుని బయటికి వచ్చింది. వాడు ప్రవీణవైపు చేతులు చాపాడు. తుహీనా వాడి చేతులు కిందికి దించింది.

"దీదీ, వో లిఖాయీ ఆప్ కీ హై?" అని అడిగింది. ఆ రాత మీదేనా అని.

"నాదే" అంది ప్రవీణ. "డాక్టర్ కే లియే లిఖీ. కసమ్‌సే, డాక్టర్ కే లియే."

డాక్టర్ల కోసమే రాశానన్న ఆ ఒట్టును తుహీనా నమ్మిందో లేదో తెలియలేదు. ఆమె సామాను మధ్య ఎక్కి కూర్చుంది. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే ఆమె మొగుడు, "పతా నహీ", తెలియదన్నాడు. ట్రాలీ మలుపు తిరిగాక ప్రవీణ సంచీలోని ఐరన్ మాత్రల డబ్బా చూసుకుంది. అది కూడా ఇవ్వడం మరిచిపోయింది.

అక్కడినుంచి మదార్ బీ అరుగు దగ్గరికి వెళ్లింది. ముసలామె తలుపు తీసింది, కానీ కూర్చోమనలేదు.

"పెద్దమ్మా, నాకు ఎర్కలేదు. వాడు నన్ను మోసం జేసిండు" అని ఏడ్చింది ప్రవీణ.

"నీ తమ్ముడు పుట్టినప్పుడు మెత్తటి బొంత కుట్టిచ్చింది నేనే బిడ్డా. మీ అమ్మ కూరగంప దించి పైసలియ్యబోతే తీసుకోలే." మదార్ బీ గొంతులో కోపం లేదు. "నువ్వు రాసినవని నాకు రంది లేదు. మోకాళ్ల నొప్పులంటే ఇనకుంట నన్ను వెంటవెట్టుకోని పోయినవు సూడు, ముందట కుర్సీల కూసోవెట్టినవు సూడు, గదే మర్సిపోలేకపోతున్న."

ప్రవీణ తలవంచుకుని బయటికి వచ్చింది. వీధి చివర తల్లి కిరాయికిచ్చిన పన్నెండు గదులు. వాటి ముందు తాళ్లమీద బట్టలు ఆరుతున్నాయి. మాల్దా ఆడవాళ్లిద్దరు పంపు దగ్గర బిందెలు నింపుతున్నారు. ఇక్కడికి ఎవరూ రాలేదు, ఎవరినీ ఖాళీ చేయమనలేదు. అప్పుడు తట్టింది ఆమెకు. తను రాసింది యాభై ఇళ్లు. తెరమీద ముప్పై ఎనిమిదే.

ఆ మధ్యాహ్నమే ఉప్పల్ వెళ్లింది. రంజిత్ ప్రచారం మధ్యలో అన్నానికి ఇంటికొచ్చాడు. ఉప్పలమ్మ కొసరి కొసరి వడ్డిస్తోంది. అక్కను చూసి వాడు నవ్వాడు.

"దా అక్కా, తిను. నిన్నటి మీటింగు మస్తు హిట్టయింది. నీ పుణ్యమే."

"క్యాంపు అన్నవు గదరా."

"ఎలక్షన్లు అయినంక పెడదాం, యాడ పోతది?"

"ఎవలున్నరని పెడతవు? తుహీనా ఇయ్యాల సామానేసుకోని పోయింది. ఏడు నెలల కడుపు."

రంజిత్ ముద్ద మింగి నీళ్లు తాగాడు. "అక్కా, నువ్వు మనసుకు తీసుకోకు. అవన్ని స్టేజీమీది మాటలు. గెలువాలంటే ఏదో ఒకటి అంటుకోవాలె. రోడ్లు మోరీలంటే ఎవడింటుండు? ఓట్లు అయినంక అందరు మర్సిపోతరు. వాళ్లు గూడ మల్ల వస్తరు."

"మర్సిపోతరా? మరి అమ్మ పన్నెండు రూములు ఎందుకు సూపియ్యలే? గా కాగితం యాడ వాయె?"

ఉప్పలమ్మ అందుకుంది. "అవి నా బతుకుదెరువు బిడ్డా. వాటిని ఎట్ల సూపిస్తడు? నీకు బుద్ధి ఉండే అడుగుతున్నవా?"

"ఇగో రంజిత్, నువ్వు గదే స్టేజీ ఎక్కి చెప్పు. అవి దవాఖానాకు రాసిన పేర్లు, వాళ్లు ఏ తప్పు జెయ్యలేదని చెప్పు. లేకుంటే నేను చెప్త."

అప్పుడు వాడు మొదటిసారి తల ఎత్తి అక్కను సూటిగా చూశాడు. ఆ చూపులో ప్రవీణ పెంచిన పిల్లాడు లేడు.

"చెప్పు. ఏమని చెప్తవు? సర్కారు బుక్కులకెల్లి పేర్లు ఎవలు బయటికిచ్చిన్రని అడుగుతరు. నీ నౌకరి పోతది. కేసు గూడ అయితది. నేను రాయమన్ననని యాడన్న ఉన్నదా? రాత నీది అక్కా, నాది కాదు."

ప్రవీణ తల్లివైపు తిరిగింది. తల్లి ఏమన్నా అంటుందేమోనని చూసింది. ఉప్పలమ్మ కొడుకు కంచంలో పెరుగు వేస్తోంది.

"తమ్ముడు గెలిసే టైముల నువ్వు నోరు తెరువకు" అంది తల వంచుకునే. "ఎవలో బెంగాలోళ్ల కోసం ఇంటోళ్లను బజార్ల వెడతవా?"

ఆ రాత్రి ప్రవీణ అన్నం ముట్టలేదు. తమ్ముడు తప్పు చేశాడన్న దానికంటే, వాడు కాగితం అడిగిన రోజే ఇదంతా అనుకుని వచ్చాడన్నది ఆమెను తొలిచేసింది. ఆడ డాక్టరు కావాలని వాళ్లడుగుతారని ఎంత తేలిగ్గా చెప్పాడు! చాయ్ తాగుతూ, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాడు. ఆమె కాదనదని వాడికి తెలుసు. వాడిని ఆమె ఎప్పుడూ దేనికీ కాదనలేదు.

పొద్దున హనుమాండ్లుతో చెప్పింది. "కంప్లైంటు ఇయ్యాలనుకుంటున్న. నాది గూడ తప్పని రాస్త. నౌకరి పోవచ్చు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ట్రాలీ కిస్తీ ఇంక రెండేండ్లున్నది" అన్నాడు. మళ్లీ, "రాయి. నేను దించొస్త" అన్నాడు.

ముందు దవాఖానాకు వెళ్లి తన పైన పనిచేసే నర్సు సూర్యకళకు చెప్పింది. సూర్యకళ తల పట్టుకుంది. "నువ్వే చెప్పుకుంటే మెమో రాకుంట ఎట్లుంటదే? ఊకుంటే ఎవలకు తెలుస్తది?" అంది. ప్రవీణ ఊరుకోలేదు. ఎన్నికల అధికారి ఆఫీసులో బల్లమీద కాగితం పెట్టుకుని, ఆ పేర్లు ఎందుకు రాసిందీ, ఎవరడిగితే రాసిందీ, ఎవరికిచ్చిందీ, పన్నెండు గదుల సంగతీ మొత్తం తన చేత్తో రాసింది. తెరమీది పేర్లలో ఒక్కరూ దొంగతనంగా వచ్చినవాళ్లు కారని, మదార్ బీ నలభై ఏళ్లనుంచి ఇక్కడే ఓటేస్తోందని రాసింది.

అధికారి చదివి, "అమ్మా, ఇది తీసుకుంటే మీ శాఖకు కూడా పంపించాలి. ఆలోచించుకున్నారా?" అని అడిగాడు.

"ఆలోచించే వచ్చిన సార్" అంది.

రంజిత్‌కు నోటీసు వెళ్లింది. ప్రచారం ముగిసే రోజు వాడు నాచారం చౌరస్తాలో జీపు మీదనుంచి మాట్లాడాడు. ప్రవీణ అక్కడ లేదు. సూర్యకళ ఫోన్లో చూపించింది. వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నన్ను పెంచిన అక్క! తల్లి లెక్క సూసుకున్న! ఎదుటి పార్టోళ్లు నా అక్కను గూడ కొన్నరు. గా బయటోళ్లు మన ఇండ్లల్లకే కాదు, మన నెత్తురుల గూడ సొచ్చిన్రు. ఇంతకంటే రుజువు ఇంకేం గావాలె?"

జనం అయ్యో అన్నారు. ఆడవాళ్లు కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ప్రవీణ ఆ వీడియో చివరిదాకా చూసి ఫోను తిరిగి ఇచ్చేసింది. బొట్టు పెట్టిన రోజు వాడు కాళ్లకు దండం పెట్టింది కూడా ఫొటో కోసమేనేమో అనుకుంది. నిజంగానే పెట్టాడేమో. ఇక ఆమెకు ఎప్పటికీ తెలియదు.

రంజిత్ గెలిచాడు. టపాసుల ఊరేగింపు ప్రవీణ ఇంటి ముందు చాలాసేపు ఆగింది. ఉప్పలమ్మ కూతురి ఫోను ఎత్తడం మానేసింది. వారానికల్లా దవాఖానా నుంచి కాగితం వచ్చింది. విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారు. తప్పు చేశానని తనే రాసిచ్చింది కాబట్టి ప్రవీణ వాదించలేదు. హనుమాండ్లు ఆదివారాలు కూడా బండి తీయడం మొదలుపెట్టాడు.

ఎర్ర సున్నాలు చుట్టిన ముప్పై ఎనిమిది ఇళ్లలో ఇరవై రెండు ఖాళీ అయ్యాయి. మదార్ బీ ఇల్లు సొంతం కాబట్టి వెళ్లలేదు. ఆమె కొడుకు తన బిడ్డను రోజూ తనే బడిలో దింపి, తనే తీసుకొస్తున్నాడట. ఆ కబురు సూర్యకళ చెప్పింది. ప్రవీణ ఆ అరుగు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

తుహీనా జాడ రెండు నెలలకు తెలిసింది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు అవతల, చెత్త ఏరేవాళ్ల గుడిసెల దగ్గర మాల్దా వాళ్లు కొందరు దిగారని, అక్కడికి సరుకు వేసుకెళ్లిన హనుమాండ్లు విన్నాడు. మరునాడు ఇద్దరూ ట్రాలీ బండిలో వెళ్లారు. నలుగురైదుగురిని అడిగాక నీలం టార్పాలిన్ కప్పిన గుడిసె చూపించారు. బండి లోపలికి పోలేదు. హనుమాండ్లు అక్కడే ఆగాడు.

తుహీనా గుడిసె ముందు కూర్చుని ఉంది. ఒడిలో పసిగుడ్డు. నెల ముందే పుట్టింది, ఆడపిల్ల. కాన్పు గుడిసెలోనే, పక్కింటి ముసలామె చేసింది. ప్రవీణ దగ్గరికి వెళ్లి మోకాళ్లమీద కూర్చుంది. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి, కానీ పాలు తాగుతోంది. చర్మం పసుపు తిరగలేదు, ఊపిరి తేలిగ్గానే ఉంది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఆమె కళ్లు వాటన్నిటినీ చూసుకున్నాయి. తుహీనా మొహం మాత్రం సున్నం పూసినట్టు పాలిపోయి ఉంది.

సంచీలోంచి మాత్రలు, నెయ్యి డబ్బా, పాత మెత్తటి చీర ముక్కలు తీసి పక్కన పెట్టింది. తమ్ముడు చేసింది, తను చేసింది, కంప్లైంటు ఇచ్చింది, అన్నీ చెప్పాలని దారంతా మనసులో హిందీ మాటలు కూర్చుకుంటూ వచ్చింది. వాటికి బదులు మాత్రల డబ్బాను తుహీనావైపు జరిపింది.

తుహీనా మాత్రలు తీసుకుంది. నెయ్యి డబ్బా కూడా లోపల పెట్టింది. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తనకొచ్చిన తెలుగులో చెప్పింది.

"దీదీ, నువ్వు మంచిగ వచ్చినవ్. ఇంకోసారి రావొద్దు. ఈడ అందరు అడుగుతరు, ఎవరు ఆమె, మీకు ఎట్ల తెలుసు, నాచారంల ఏం అయింది. నా ఆద్మీకి ఈడ కామ్ దొరికింది. మళ్లీ పోవుడు నాతోని కాదు."

ప్రవీణ తలూపింది. పసిదాని పాదాన్ని ఒకసారి ముట్టుకుందామని చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని లేచింది.

"మాత్రలు అన్నం తిన్నంక" అంది. "చాయ్‌తోని ఏస్కోకు."

బండి దగ్గర హనుమాండ్లు, "కలిసిందా?" అని అడిగాడు.

"కలిసింది."

"ఏమన్నది?"

"రావొద్దన్నది."

ప్రవీణ ముందు సీట్లో పక్కకు సర్దుకుని కూర్చుంది. చెత్త లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి. వాటికి దారిచ్చి, హనుమాండ్లు బండిని మెల్లగా రోడ్డెక్కించాడు.